తోలు తాకని నీళ్లు

మా మామ పెంచలనరసయ్య శెట్టికి ఉదయగిరిలో రెండు విషయాల్లో పేరుండేది. ఒకటి ఆయన అంగట్లో నెయ్యి, రెండోది ఆయన ఇంట్లో మడి. నెయ్యితో నాకు పేచీ లేదు, అది నిజంగానే మంచి నెయ్యి. మడి సంగతి చెప్పడానికే కూచున్నాను. పోయినాయన మీద ఇప్పుడెందుకు ఇదంతా అని మా ఆయన అంటూనే ఉంటాడు. మా ఆయన అన్నవాటిలో నేను విన్నవి ఎప్పుడూ తక్కువే.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం అది. నేను ఆత్మకూరు నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఏడాది కూడా నిండలేదు. అత్త నా పెళ్లికి ముందే పోయింది. ఇంట్లో మామ, మా ఆయన బాలసుబ్రహ్మణ్యం, నేను, మా అత్తకు చెల్లెలు పిచ్చమ్మ. ఆమెను నేను చిన్నత్తా అనేదాన్ని. బొత్తిగా చిన్నప్పుడే మొగుడు పోతే అక్క వెంట ఈ ఇంటికి వచ్చింది. అక్క పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. ఆ ఇంట్లో ఆమె పనీ, ఆమె విలువా ఒక్కదాంట్లోనే ఉండేవి. ఆమె నీళ్లు తెచ్చేది.

కొండకింద రాజుల కాలం నాటి దిగుడుబావి ఒకటి ఉంది. చిన్నత్త తెల్లవారేసరికి అక్కడికి పోయి, తలమీద నీళ్లు పోసుకుని, తడిచీరతోనే మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఇత్తడి బిందెలు ముంచేది. దారిలో ఎవరూ తగలకుండా గోడవార నడిచి వచ్చేది. మామ తాగడానికి ఆ నీళ్లే, వంటకూ ఆ నీళ్లే. నేను తెస్తానంటే మామ నవ్వాడు.

"ఆత్మకూరోళ్లకు మడేంది అమ్మాయ్" అన్నాడు.

మా పుట్టింట్లో అప్పటికే చేతిపంపు నీళ్లు తాగేవాళ్లం. ఆ నీళ్లతో పెరిగిన చేతులు బిందె పట్టుకోకూడదని ఆయన ఉద్దేశం. ఆ చేతులతో వండిన అన్నం మాత్రం మారు వడ్డించుకుని తినేవాడు.

ఆ బావి మెట్లకు తూర్పు పక్క మావాళ్లది, పడమటి పక్క మిగతా ఊరిది. పడమటి పక్కన గొర్లు కాసేవాళ్లు కాళ్లు కడుక్కునేవాళ్లు, పిల్లలు ఈతలు కొట్టేవాళ్లు. చిన్నత్త తూర్పు పక్కన ముంచేది. పక్కలు రెండైనా నీళ్లు ఒక్కటే కదా అని ఒకసారి మా ఆయనతో అన్నాను. అట్ల అనబాక, నాయన వింటాడు అన్నాడు. తాగేనీళ్లను గురించి మా ఆయన జన్మలో చెప్పిన అభిప్రాయం అదొక్కటే.

ఆ ఫాల్గుణంలో బజారు మధ్య ఉన్న పాత చేదబావి మీద సిమెంటు పలక పరిచి, చేతిపంపు బిగించారు. పంపు మొదలుపెట్టడానికి మల్లికార్జునం అని హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఖాకీ బట్టలు, నెత్తిన హ్యాటు, చంకలో బెత్తం. బజారంతా పోగైంది. నేనూ చిన్నత్తా మా తలుపు చాటున నిలబడి విన్నాం.

ఆయన చెప్పిన విషయం మంచిదే, కాదనను. దిగుడుబావి నీళ్లు తాగొద్దన్నాడు. ఆ ప్రాంతంలో ఎండాకాలం వచ్చిందంటే ఇంటికొకరు నారికురుపుతో మంచం పట్టేవాళ్లు. కాల్లో బొబ్బ లేచి, అది పగిలి, తెల్లటి దారం లాంటి పురుగు బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెంగా లాగాలి. ఆ కాలు నీళ్లలో పెడితే పురుగు తన పిల్లలను నీళ్లలోకి వదులుతుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్ల కడుపులోకి అవి పోయి, ఏడాది తిరిగేసరికి వాళ్ల కాళ్లలో తేలతాయనీ ఇన్‌స్పెక్టరు చెప్పాడు. పంపు నీళ్లలో ఎవరూ కాలు పెట్టలేరు కాబట్టి ఆ బెడద ఉండదన్నాడు. చిన్నత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒక్క మాట కూడా పోకుండా వింది.

అంతటితో ఆపి ఉంటే సగం బజారు ఆ పూటే బిందెలు పట్టుకుని వచ్చేది. కానీ ఆయనకు ఇంకా చెప్పాలని ఉబలాటం. సర్కారు ఎంత గట్టి పంపు వేసిందో చూపించడానికి మేస్త్రీ చేత దాన్ని విప్పించాడు. లోపలినుంచి, నీళ్లను పైకి లాగే గుండ్రటి నల్లటి బిళ్లను తీసి, నీళ్లు కారుతుండగా పైకెత్తి పట్టుకున్నాడు.

"చూడండి శెట్టిగారూ, అసలైన ఎద్దు తోలు. నీళ్లలో నానేకొద్దీ గట్టిపడతాది" అన్నాడు.

ఎన్ని పరీక్షలు ప్యాసయ్యాడో నాకు తెలీదు. శెట్ల బజారులో నిలబడి, తాగేనీళ్ల పంపులోంచి ఎద్దు తోలు తీసి చూపించకూడదని మాత్రం ఆయనకు ఏ పరీక్షలోనూ చెప్పినట్టు లేదు. మా మామ భుజం మీది కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వచ్చేశాడు. ఇన్‌స్పెక్టరుకు ఏం జరిగిందో కూడా తెలియలేదు. మా అంగడి ముందు బెంచీ మీద కూచుని వేయించిన శనక్కాయలు తిని, సోడా తాగి, ఉదయగిరిలో పని అయిపోయిందని చెప్పి బస్సెక్కాడు. ఆ ఎండాకాలమంతా మళ్లీ కనబడలేదు. దిగుడుబావి ఎక్కడుందో కూడా ఆయన చూసి ఉండడు, అక్కడికి పోవాలంటే మెట్లు దిగాలి కదా.

ఆ సాయంత్రమే మావాళ్లంతా మా వసారాలో కూచుని తీర్మానం చేశారు. తోలు తాకినది ఏదీ మన గడప దాటకూడదు. బట్టల కొట్టు నారాయణయ్య గొంతు పెంచి మరీ ఆ మాట అన్నాడు. ఆయన చెప్పులు మా మెట్ల కింద ఉన్నాయి, మంచి కిర్రు చెప్పులు.

వడ్రంగులు, సాయిబులు, గొల్లలు పంపు దగ్గర వరసలు కట్టారు. ఒకరోజు నేనూ పోయి, బజారంతా చూస్తుండగానే దోసిలి పట్టి కడుపునిండా తాగాను. మా ఆయన అంగట్లోంచి చూసి, చింతపండు తూచడానికి అటు తిరిగాడు. అప్పటినుంచి నేను ఆ నీళ్లే తాగాను. ఆయన వాళ్ల నాయన తాగేవే తాగాడు.

చైత్రంలో చిన్నత్త చీలమండ దగ్గర బొబ్బ లేచింది. రాత్రంతా నిప్పు పెట్టినట్టు మంట అని మూలిగేది. బొబ్బ పగిలి పురుగు కొస బయటికి వచ్చాక, చీపురుపుల్ల విరిచి దానికి చుట్టి, ఆముదం ఆకు కట్టుకుంది. ఆ కట్టుతోనే నీళ్లకు పోయేది.

ఒకరోజు పొద్దున ఆమె వెనకాలే నేనూ బావికి పోయాను. తగలకుండా దూరంగా పై మెట్టు మీద నిలబడ్డాను. ఆమె కిందికి దిగి, కట్టు విప్పి, కాలు నీళ్లలో పెట్టి కళ్లు మూసుకుంది. మొహంలో అంత సుఖం నేను ఆమె దగ్గర ఎప్పుడూ చూడలేదు. పుండు దగ్గర నీళ్లు కాస్త తెల్లబారినట్టు కనిపించాయి. కాసేపటికి ఆమె లేచి, అక్కడే, ఆ నీళ్లలోనే బిందె ముంచింది.

"చిన్నత్తా, ఇన్‌స్పెక్టరు చెప్పింది నువ్వూ విన్నావు గదా" అన్నాను.

"విన్నాను."

"మరి ఆ కాలితో దిగతావేంది?"

ఆమె బిందె చంకకెత్తుకుని ఒక మెట్టు ఎక్కి ఆగింది.

"నీళ్లు తేవడం మానుకుంటే ఆ ఇంట్లో నన్నెందుకు పెట్టుకుంటారు వసంతా?" అంది.

ఆమెకు ఎటుపోయినా నష్టమే. నీళ్లు మోస్తే కాలు పోతుంది, మానితే నీడ పోతుంది. ఆ మాట విన్నాక, ఆమెను ఆ మెట్లు దిగనివ్వకూడదని నాకు పట్టుదల వచ్చింది.

ఆ మధ్యాహ్నమే మామకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె కాల్లో పురుగు ఉందని, ఆ కాలు పెట్టిన నీళ్లే మీరు తాగుతున్నారని, ఆమె నడవలేకపోతోందని అన్నీ చెప్పాను. ఆయన అన్నం తింటూ విన్నాడు. మడినీళ్లు మోసే కాలికి దేవుడే కాపు అన్నాడు. తన నీళ్లలో పురుగేమిటని నవ్వి, గ్లాసు ఎత్తి గుటగుటా తాగి, నాకు చూపించినట్టుగా కింద పెట్టాడు. ఆ గ్లాసును చూస్తే అసహ్యం వేసింది. ఆయన్ను చూస్తే అంతకన్నా ఎక్కువ వేసింది.

తర్వాత ఒకనాడు చిన్నత్త నాచు మీద కాలుజారి పడింది. పుల్లకు చుట్టిన పురుగు లోపల తెగిపోయింది. అది తెగితే చీము పడుతుందని అందరికీ తెలిసిన సంగతే. మోకాలి దాకా కాలు వాచి మెరిసిపోయింది, ఒళ్లు కాలిపోయేది. మరునాడు గోడ పట్టుకుని నీళ్లకు పోయింది. వద్దని చెయ్యి పట్టుకుంటే మడి చెడుతుందని కసిరింది.

వైశాఖంలో వాసవి జయంతి వచ్చింది. ఆ ఏడు భోజనాలు మా ఇంట్లో. ఊళ్లో పెద్ద శెట్లంతా వస్తారు, తిన్నాక పంపులో తోలు తీసేయమని సర్కారుకు చెప్పడం గురించి మాట్లాడుకుంటారు. అంతమందికి నీళ్లు చిన్నత్తే తెచ్చింది, ఆ కాలితోనే. బావికీ ఇంటికీ ఎన్నిసార్లు తిరిగిందో. ఆఖరి బిందెతో పెరట్లోకి వచ్చి, గడప దగ్గర కూలబడింది. బిందె దొర్లిన చప్పుడు వసారా దాకా వినబడింది.

"నీళ్లు పోయినాయా?" అని మామ అక్కడినుంచే అడిగాడు.

పడింది ఎవరని అడగలేదు. నేను పరుగెత్తి ఆమెను లేవదీశాను. ఈసారి మడి అని కసరడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. ఆమెను చాప మీద పడుకోబెట్టి వడ్డనకు పోయాను. అప్పటికి ఏం చెయ్యాలో నాకు తోచింది.

మా అంగడి నెయ్యి దుత్తలూరు పైపల్లెల నుంచి వచ్చేది. గొల్లలు దాన్ని సిద్దెల్లో పోసి తెచ్చేవాళ్లు. సిద్దె అంటే తోలుతో కుట్టిన పెద్ద బుడ్డి. రేకు డబ్బాలు వచ్చి ఎన్నాళ్లో అయినా, సిద్దెలో ఉంటేనే నెయ్యి కమ్మదనం నిలుస్తుందని మామ వాటినే తెప్పించేవాడు. మా ఇంటి వాడకానికి అంగట్లో వేరే సిద్దె ఉండేది. అందులోంచి గిన్నెలోకి వంచుకుని, కాచి వడ్డించేవాళ్లం. దానికి మామతో సహా ఆ వరసలో కూచున్నవాళ్లెవరూ ఏనాడూ ముక్కు మూసుకోలేదు.

విస్తళ్లలో అన్నం పెట్టాను, పప్పు వేశాను, కూరలు వేశాను. తర్వాత గోడకానుకుని నిలబడ్డాను. అందరూ అన్నంలో గుంట చేసుకుని నెయ్యి కోసం చూస్తున్నారు. మా ఆయన నావైపు చూసి, నా మొహం చూడగానే తల దించుకున్నాడు.

"నెయ్యేది అమ్మాయ్?" అన్నాడు మామ.

"అంగట్లో ఉండాది మామా, సిద్దెలో."

"పట్టుకురాకుండా అక్కడ పెట్టినావేంది?"

"సిద్దె తోలు గదా. తోలు తాకింది గడప దాటకూడదని మీరే అనుకున్నారు. ఆత్మకూరుదాన్ని, నాకు మడి తెలీదు. మీరు చెప్పినట్టే చేసినాను."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కోడలు తలబిరుసు అని ఆ మాట అక్కడే కొట్టిపారేసేవాళ్లు. నెమ్మదిగా అనేసరికి ఏం చెయ్యాలో వాళ్లకు తోచలేదు. నారాయణయ్య పప్పులో పెట్టిన చెయ్యి అట్లాగే ఉంచి మా మామ మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లుగా కమ్మగా జుర్రుకున్నదంతా ఏమిటో అప్పుడే తెలిసినట్టు చూశాడు. అంత పెద్ద మనుషులు, అన్నం ముందు పెట్టుకుని, ఒక తోలు బుడ్డి గురించి తలలు బద్దలు కొట్టుకుంటుంటే నాకు లోపల్లోపల ఎంత ఆనందమైందో చెప్పలేను.

మామ గొంతు సవరించుకున్నాడు.

"నెయ్యి మనం అగ్గిమీద కాస్తాం. అగ్గి తగిలినాక తోలు దోషం నిలవదు. శాస్త్రం అదే" అన్నాడు.

వరసంతా తలలూపింది. నారాయణయ్య అందరికన్నా గట్టిగా ఊపాడు.

"అయితే సరే మామా. రేపటినుంచి పంపునీళ్లు అగ్గిమీద కాస్తాను. చిన్నత్త బావికి పోబల్లేదు" అన్నాను.

నెయ్యికి పోయే దోషం నీళ్లకు పోదని అనాలంటే మామకు మాట దొరకలేదు. దొరికినా అనడానికి తీరిక లేదు, అన్నం చల్లారిపోతోంది.

"సరే, సరే. ముందు నెయ్యి పట్టుకురా" అన్నాడు.

పంపునీళ్లు మా ఇంటి గడప దాటింది అట్లా. చిన్నత్త కాలు ఆయన్ను కదిలించలేదు, నేను చెప్పింది కదిలించలేదు. గరిటెడు నెయ్యి కదిలించింది.

ఆ సంగతి చెబితే చిన్నత్త సంతోషిస్తుందనుకున్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నా పని తీసేసినావు గదే అని మాత్రం అంది. కష్టపడి గెలిచానని మురిసిపోతున్నదాన్ని, ఆ మాటతో నీరుగారిపోయాను. ఆమె మీద కోపం కూడా వచ్చింది. కాలికి గాటు పెట్టించి చీము తీయించాం, జ్వరం దిగింది. దిగగానే ఆమె ఈడ్చుకుంటూ పొయ్యి దగ్గరికి వచ్చి నన్ను జరగమంది. నేను ఒక్క పొంగు రాగానే దించేస్తున్నానట, మూడు పొంగులు రావాలట. ఆ రోజునుంచి కాగే నీళ్లకు మడి పెట్టింది. ఆ తపేలాను ఆమె తప్ప ఎవరూ ముట్టకూడదు. నేను నవ్వుకుని జరిగాను. చీలమండ బిగుసుకుపోయి ఆమెకు కుంటి నడక మిగిలింది గానీ, మళ్లీ ఆ మెట్లు దిగలేదు.

మామ మాత్రం ఊరుకుంటాడా. తోలు దోషానికి విరుగుడు తానే కనిపెట్టినట్టు బజారంతా చెప్పుకున్నాడు. శెట్టిగారింట్లోనే కాస్తున్నారని మిగతా ఇళ్లలోనూ పంపునీళ్లు కాచుకోవడం మొదలుపెట్టారు. కొట్టేసిన పేరుతో ఆయన ఊరేగనీ, జనం తాగేవి మంచినీళ్లు అయితే చాలునని నేను నోరు మూసుకున్నాను.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. మామ పిక్కలో బొబ్బ లేచింది, మా ఆయనకు మోకాలి కింద లేచింది. మా ఆయన లోపలి గదిలో మంచం మీద పడుకుని అమ్మా అమ్మా అనేవాడు. పెళ్లాం తాగే నీళ్లు తాగడానికి ధైర్యం లేనందుకు ఆ మాత్రం మూలగనీ అనుకున్నాను, కట్టు మాత్రం రోజూ నేనే మార్చాను. మామ వసారాలో కుర్చీ వేయించుకుని, కాలు పీట మీద పెట్టుకుని, పుల్లకు చుట్టిన పురుగుతో కూచున్నాడు. చూడటానికి నారాయణయ్య, ఇంకా కొందరు శెట్లు వచ్చారు.

"ఏంది బావా ఇది, నీ ఇంట్లో ఇంత మడి ఉండి?" అని నారాయణయ్య అడిగాడు.

"ఇంకేంది, పంపు. ఏడాదిగా తోలునీళ్లు తాగినానా, ఆ తోలే దారమై బయటికొస్తా ఉండాది. అగ్గికి కూడా పోని దోషం అది. నా మాట విని అందరూ దిగుడుబావికే పోండి" అన్నాడు మామ.

నేను తలుపు దగ్గర ఉన్నాను. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని తలలూపుతున్నారు, నెయ్యి నాడు ఊపినట్టే. రేపటినుంచి ఆ ఇళ్ల ఆడవాళ్లంతా బిందెలెత్తుకుని మళ్లీ ఆ మెట్లు దిగుతారు. నేను ఏదో అనబోయేంతలో నన్ను పక్కకు నెట్టుకుని చిన్నత్త బయటికి వచ్చింది. పరాయి మగవాళ్లున్న చోటికి ఆమె రావడం నేనెన్నడూ చూడలేదు. చేతిలో మామకు ఇచ్చే నీళ్ల గ్లాసు ఉంది. కుంటుకుంటూ వచ్చి, గ్లాసు ఆయన పక్కన పెట్టి, చీర అంచు చీలమండ పైదాకా ఎత్తింది. అందరికీ ఆ మచ్చ కనబడింది.

"అది తోలు కాదు బావా. పోయినేడు నా కాల్లో ఉండిందే. నేనే నీకు తాపించినాను" అంది.

నారాయణయ్య ఆ కాలినీ ఈ కాలినీ మార్చి మార్చి చూసి, పై కండువా సర్దుకుని లేచాడు. మిగతావాళ్లూ లేచారు. వాళ్లలో ఒక్కడు కూడా ఆ తర్వాత దిగుడుబావి నీళ్లు తాగలేదని నాకు తెలుసు, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లే చెప్పారు.

మామ చీర అంచు కింద ఆ మచ్చనే చూశాడు. తర్వాత గ్లాసు అందుకున్నాడు. నోటి దాకా తీసుకుపోయి, అక్కడ ఆపాడు.

"పిచ్చమ్మా, ఇవి కాచినవేనా?" అని అడిగాడు.

ఏడాదిపాటు నేను ఆయన్ను ఎన్ని విధాల ఈసడించుకున్నానో, అదంతా ఆమె ఆ ఒక్క క్షణంలో చేసింది. జవాబు చెప్పకుండా చీర అంచు దించుకుని, పొయ్యి మీద నీళ్లు పొంగుతున్నాయంటూ లోపలికి పోయింది. ఆయన గ్లాసు పట్టుకుని తలుపువైపు చూస్తూ కూచున్నాడు.